మూడు ‘ఉప్పునీ...’లు

విడవలూరు వైపు నుంచి వచ్చే రొయ్యల రైతు ఒకాయన నన్ను ‘నాయనా’ అని పిలుస్తాడు. నేను ఆయనను పెదనాయనా అంటాను. చుట్టరికం ఏమీ లేదు, పదేళ్ళుగా ఆయన కాగితాలన్నీ నా కొట్టులోనే తయారవుతున్నాయి, అంతే. ఆ రోజు నెల్లూరు గాంధీబొమ్మ సెంటరు దగ్గర సందులోకి మధ్యాహ్నపు ఎండలో వచ్చి, చంకలోని ఫైలు నా బల్ల మీద పెట్టి, చివరి పేజీ తెరిచి వేలు ఆనించాడు.

“ఈ మూడు ఉప్పునీలు ఏమిటని మేనేజరు అడిగాడు నాయనా. నాకు మటుకు ఏమి తెలుసు? నువ్వే చెప్పాలి.”

ఆయన ఇంకో రెండు గుంటలు తవ్వించడానికి బ్యాంకులో అప్పు అడిగాడు. ముప్పై ఎనిమిది పేజీల నివేదిక. ఖర్చుల పట్టికలు, కరెంటు బిల్లులు, కౌలు కాగితాలు, చిట్టచివర గుంటల పటం. ఆ పటంలో ఉప్పునీటి కాలువ, ఉప్పునీటి మోటారు, ఉప్పునీటి తూము అని మూడు చోట్ల రాశాను. కాగితం మీద మూడూ ‘ఉప్పునీ...’ దగ్గరే ఆగిపోయాయి. గుంట నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ‘ఏరే...’ అయ్యాయి. పటం అడుగున, నేను రాయని ఇంగ్లీషు ముక్క ఒకటి చేరింది: ఇక్కడి అక్షరాలు ఎస్‌వీజీ (బొమ్మలు దాచే ఒక పద్ధతి) కావు, చూపించడం కుదరదు అని దాని అర్థం. నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయో చెప్పడానికి గీసిన పటంలో వచ్చేదీ పోయేదీ ఒకే పేరుతో నిలబడితే మేనేజరు అడగక ఏమి చేస్తాడు.

తప్పు నాదే. పటాన్ని బ్రౌజర్లో తెరిచి చూసుకుని మురిసిపోయాను. దాన్ని నివేదికలో పెట్టిన తర్వాత ఆ పేజీని మళ్ళీ కళ్ళతో చూడలేదు. రాత్రి తొమ్మిదింటికి ప్రింటు కొట్టి, స్పైరల్ బైండింగ్ వేయించి, పొద్దున్నే ఇచ్చేశాను.

అయితే ఈ వ్యాసం ఆ తప్పు గురించి రాయడం లేదు. ఆ తర్వాత చేసిన తప్పు గురించి రాస్తున్నాను, ఎందుకంటే అది నా ఒక్కడిదే కాదు. నా కొట్టుకు వచ్చే ఇంజినీరింగ్ పిల్లలు, సర్వేయర్లు, ట్యూషన్ సెంటర్ల మాస్టర్లు అందరూ చేసేదే. బొమ్మ చెడితే, అది చెడి కనిపించిన చోటే కూర్చుని బాగుచేయడం.

నేనూ అదే చేశాను. పెదనాయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు, బ్యాంకు నాలుగింటికి మూసేస్తారు. వర్డ్‌లో ఆ పటం మీద చిన్న చిన్న టెక్స్ట్ బాక్సులు పరిచి, ‘ఉప్పునీ...’ని తెల్ల రంగుతో కప్పి, పైన పూర్తి పేర్లు టైపు చేశాను. పది నిమిషాల పని. బ్రహ్మాండంగా కనిపించింది. ఆయన సంతోషంగా లేవబోతూ, “ఖర్చుల్లో జనరేటరు మరిచిపోయాం కదా” అన్నాడు. ముందు పేజీలో జనరేటరు వరుస ఒకటి చేర్చాను. పట్టిక ఆ మేరకు పెరిగింది. పటం మర్యాదగా తర్వాతి పేజీకి జరిగింది. నేను పరిచిన బాక్సులు మాత్రం ఉన్నచోటే ఉండిపోయాయి. గుంటలు ఒక పేజీలో, తూములు ఇంకో పేజీలో ఖర్చుల పట్టిక మీద తేలుతూ. మేత ఖర్చు అంకె మీద ‘ఉప్పునీటి తూము’ అడ్డంగా పడి ఉంది.

వర్డ్‌లో ఒక బొమ్మ వాక్యంలోని అక్షరం లాగా వరుసలో కూర్చోవచ్చు, లేదా ఏదో ఒక పేరాకు లంగరు వేసుకుని పైన తేలవచ్చు. నా పటం వరుసలో కూర్చుంది, బాక్సులు పై పేరాకు లంగరేసుకున్నాయి. రెంటికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? పటమూ దాని మీది మాటలూ ఒకే ఒడిలో పుట్టాలి. వేరుగా పుట్టించి తర్వాత ముడివేస్తే, ఇంకెవరో ఇంకెక్కడో ఒక వరుస చేర్చిన రోజున ముడి ఊడిపోతుంది.

సరే, అసలు ‘ఉప్పునీ...’ ఎలా పుట్టింది? నేను పటాలు డ్రా.ఐఓలో గీస్తాను. ఉచితం, బ్రౌజర్లోనే నడుస్తుంది, తెలుగు చక్కగా రాస్తుంది. పెదనాయన పటాన్ని అందులోంచి ఎస్‌వీజీగా తీశాను. ఎస్‌వీజీ అనేది గీతల్ని చుక్కలుగా కాకుండా కొలతలుగా రాసుకునే పద్ధతి. 2001లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది. కానీ పాత ఎస్‌వీజీకి ఒక పెట్టెలో పట్టేలా వాక్యాన్ని విరిచి రెండు వరుసలుగా పేర్చడం రాదు. అందుకని ఇలాంటి ప్రోగ్రాములు పెట్టెలోని మాటల్ని వెబ్ పేజీ ముక్కగా రాసి, ఆ ముక్కను ఎస్‌వీజీ లోపల దాచిపెడతాయి. ఆ ముక్కను తెరవడం బ్రౌజరుకు తెలుసు. వర్డ్‌కూ, బొమ్మలు దిద్దే చాలా ప్రోగ్రాములకూ తెలియదు. తెలియని చోట కనిపించడానికి డ్రా.ఐఓ పెట్టె వెడల్పుకు సరిపడా మాటను కత్తిరించి, చివర మూడు చుక్కలు పెట్టి, అడుగున ఆ ఇంగ్లీషు క్షమాపణ జోడిస్తుంది. మోసం ఏమీ లేదు. చెప్పే చేసింది, నేను చదవలేదు.

మందు కూడా పుట్టిన చోటే ఉంది. పటంలోని మాటలన్నీ ఎంచుకుని, కుడివైపు పట్టీలో ‘వర్డ్ ర్యాప్’, ‘ఫార్మాటెడ్ టెక్స్ట్’ అనే రెండు గుర్తులూ తీసేస్తే మాటలు మామూలు ఎస్‌వీజీ అక్షరాలుగానే బయటికి వస్తాయి. వాక్యాన్ని ఎక్కడ విరవాలో మనమే ఎంటర్ కొట్టి చెప్పుకోవాలి. ఇంగ్లీషులో పనిచేసేవారికి కథ ఇక్కడితో ముగుస్తుంది.

మనకు ముగియదు. ‘విద్యుత్తు’ అన్న మాట చూడండి. కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ దాచుకునేవి పది సంకేతాలు: వ, గుడి, ద, పొల్లు, య, కొమ్ము, త, పొల్లు, త, కొమ్ము. ఈ పదింటినీ కలిపి మూడుగా చూపించడానికి మధ్యలో ఒక పనివాడు ఉండాలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో ఆ పని హార్ఫ్‌బజ్ అనే ఉచిత ప్రోగ్రాం చేస్తుంది. ఎస్‌వీజీలో ఉన్నది ఆ పది సంకేతాలూ, ఒక ఫాంటు పేరూ మాత్రమే. పటం ఏ కంప్యూటరులో తెరుచుకుంటే అక్కడి పనివాడు, అక్కడి ఫాంటు. పనివాడు చేతకానివాడైతే యవత్తు కింద చేరదు, పొల్లు విడిగా నిలబడుతుంది. ఫాంటు లేకపోతే దొరికిన ఇంకో ఫాంటు వచ్చి కూర్చుంటుంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి అలవాటైన గౌతమి ఫాంటు, విండోస్ 10లో విడిగా చేర్చుకుంటే తప్ప అన్ని యంత్రాల్లోనూ ఉండదు, నిర్మలా ఉంటుంది. రెండింటికీ ఎత్తు, వెడల్పు వేరు. ఒకదానిలో పెట్టెకు సరిపోయిన పేరు ఇంకొకదానిలో గోడ దూకుతుంది. పాత డీటీపీ ఫాంట్ల సంగతి ఇంకా ఘోరం. అవి తెలుగు రూపాల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచిన ఫాంట్లు, కాబట్టి ఫాంటు లేని యంత్రంలో ‘తూము’ కాస్తా ఇంగ్లీషు గుర్తుల కుప్ప అవుతుంది. ఆ ఫాంట్లతో ఇప్పుడు పటాలు గీసేవారిని చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది, అలవాటు మానలేదని.

ఇక్కడే నాకూ ఒంగోలు మిత్రుడికీ పేచీ. ఆయన ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, పటాలన్నీ లేటెక్ అనే పుస్తకాలు కూర్చే ప్రోగ్రాంలో పెడతాడు. బొమ్మను చుక్కలుగా దాచే పీఎన్‌జీ అన్న మాట వింటే మొహం చిట్లిస్తాడు. ఒకసారి ఇద్దరం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు వస్తూ ఒంగోలులో మొదలుపెట్టిన వాదం కావలి దాటినా తెమలలేదు. “చుక్కలతో బొమ్మ దాచడమంటే పాపం. పెద్దది చేస్తే పగిలిపోతుంది. కొలతలుగా, అంటే వెక్టరుగా ఉంచితే గోడంత చేసినా గీత గీతలాగే ఉంటుంది” అంటాడు. చీమకుర్తి గ్రానైటు క్వారీల పటాలు చూసినవాడు అలా అనడంలో తప్పులేదు. ఏ0 కాగితం 841 మిల్లీమీటర్ల వెడల్పు. అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు 9,930 పిక్సెళ్ళు కావాలి. అటువంటి దానికి చుక్కలు తగవు. మనిషి దగ్గరికి వెళ్ళి ఒక మూలను వేలితో వెతుక్కునే పటం ఏదైనా వెక్టరుగానే ఉండాలి, ఒప్పుకున్నాను.

కానీ నా పెదనాయన పటం గోడకెక్కదు. అది ఏ4 కాగితం మీద పదహారు సెంటీమీటర్ల వెడల్పున, ఒకే కొలతలో, బ్యాంకు మేనేజరు కళ్ళద్దాల ఎదుటికి వెళుతుంది. దాన్ని ఎన్ని యంత్రాలు తెరుస్తాయో, వాటిలో ఏ ఫాంట్లు ఉన్నాయో నాకు తెలియదు. అటువంటప్పుడు నా యంత్రంలో సరిగ్గా కూర్చున్న ‘విద్యుత్తు’ను ఉన్నది ఉన్నట్టు చుక్కలుగా గడ్డకట్టించి పంపడమే తెలివైన పని. తెలుగు పటాలకు, చివరి కొలత ముందే తెలిసినప్పుడు, పీఎన్‌జీయే మేలని నా వాదన. వెక్టరు గొప్పదే. కానీ దాని గొప్పతనమంతా అవతలి యంత్రం మీద పెట్టుకున్న నమ్మకం, మన భాష విషయంలో ఆ నమ్మకం ఇంకా పూర్తిగా నిలబడలేదు.

“అక్షరాల్ని గీతలుగా మార్చి పంపవచ్చు కదా” అని మిత్రుడి చివరి బాణం. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో ఆ సదుపాయం ఉంది. అక్షరం ఆకారంగా మారిపోతుంది, ఫాంటుతో పని ఉండదు. మంచి దారే, పెద్ద పటాలకు నేనూ అలాగే చేస్తాను. కాకపోతే గీతలైన అక్షరాన్ని మళ్ళీ దిద్దలేము, వెతకలేము, చూపు లేనివారికి చదివి వినిపించే ప్రోగ్రాము కూడా దాన్ని చదవలేదు. పీఎన్‌జీకీ అదే లోపం. అందుకే పటం కింద శీర్షిక ఒకటి మామూలు అక్షరాల్లో రాసి, బొమ్మకు ఇచ్చే ప్రత్యామ్నాయ వివరణలో నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయో రెండు వాక్యాలు చేరుస్తున్నాను. ఈ మాట చెప్పేసరికి రైలు బిట్రగుంటలో ఉంది. ఆయన ఒప్పుకోలేదు. టీ మాత్రం ఇప్పించాడు.

ఇప్పుడు కొలత గురించి. నా దృష్టిలో నూటికి తొంభై పటాలు ఇక్కడే చెడతాయి, మిగిలిన రోగాలన్నీ తర్వాత. పిల్లలు పటాన్ని తెర మీద ఎంత చోటు దొరికితే అంత పరుస్తారు. నలభై సెంటీమీటర్ల వెడల్పున గీసి, అక్షరాలు 12 పాయింట్లని పెట్టుకుని నిశ్చింతగా ఉంటారు. దాన్ని నివేదికలో పదహారు సెంటీమీటర్లకు కుదిస్తే ఆ 12 కాస్తా 4.8 అవుతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ సైజులో ఎలాగో బతుకుతుంది. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు, దాని పక్కన కొమ్ము, 4.8లో ‘క్ష్మి’ ఒక ఇంకు మరక. కాగితం మీద 9 పాయింట్లకు తగ్గితే తెలుగు చదవలేమన్నది నా కొట్టు అనుభవం.

కాబట్టి చివరి వెడల్పును మొదటే గీసుకోవాలి. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్లు, రెండు పక్కలా రెండున్నర సెంటీమీటర్ల అంచు పోగా 160 మిగులుతుంది, అంటే 6.3 అంగుళాలు. డ్రా.ఐఓ అంగుళాన్ని 100 భాగాలుగా లెక్కిస్తుంది, దాని ఏ4 పేజీ 827కు 1,169. అందువల్ల నేను ముందుగా 630 వెడల్పున ఒక ఖాళీ చట్రం గీసుకుని, పటమంతా దాని లోపలే ఇరికిస్తాను. అక్షరం 14 అని పెడితే కాగితం మీద 10 పాయింట్లు పడుతుంది. ఎగుమతి చేసేటప్పుడు 300 శాతం జూమ్ ఇస్తే 1,890 పిక్సెళ్ళు వస్తాయి, పదహారు సెంటీమీటర్లలో అంగుళానికి సరిగ్గా 300. పక్కన కాగితం ముక్క పెట్టుకుని ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు. ఇరుకైందా? అయితే పటంలో మాటలు ఎక్కువయ్యాయని అర్థం, కొన్ని తీసేయండి. చిన్నప్పుడు మార్కాపురం పలక మీద గుండె బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే చట్రానికి ఇవతలే సర్దుకునేవాళ్ళం కదా, కర్ణికకు చోటు చాలలేదని పలక పెద్దది కాలేదు.

తెరను ఫొటో తీసి అతికించడం మీద వేరే చెప్పాలా? 800 పిక్సెళ్ళ స్క్రీన్‌షాట్‌ను పదహారు సెంటీమీటర్లకు సాగదీస్తే అంగుళానికి 127 చుక్కలు, గీతల అంచులు రంపపు పళ్ళు. దానిని జేపెగ్‌గా దాచితే ఇంకొక మెట్టు దిగజారుతుంది. జేపెగ్ బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్ళుగా విడదీసి, ఒక్కో గడిలో కంటికి ఆననిదాన్ని పారేస్తుంది. రొయ్య ఫొటోకు అది బాగానే ఉంటుంది. నల్లగీత, తెల్లకాగితం కలిసే చోట మాత్రం గీత చుట్టూ దుమ్ము రేగినట్టు కనిపిస్తుంది.

ఇంత చేసి ఇచ్చినా నివేదిక లోపల రెండు మూడు గోతులున్నాయి. త్వరగా చెప్పేస్తాను. బొమ్మ పెట్టగానే సన్నటి పట్టీ మాత్రమే కనిపించి మిగతాది మాయమైతే, ఆ పేరా వరుసల ఎడం ‘ఎగ్జాక్ట్‌లీ’ అని బిగించి ఉంటుంది. ‘సింగిల్’ చేస్తే బొమ్మ లేచి నిలబడుతుంది. దాని కోసం గంటలు పోగొట్టుకుని కన్నీళ్ళతో వచ్చిన పిల్లలున్నారు నా దగ్గరికి. ఫైలు దాచేటప్పుడు వర్డ్ బొమ్మల చుక్కలు తగ్గిస్తుంది, చాలాసార్లు 220కి. ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ కింద బొమ్మల్ని కుదించవద్దని గుర్తు పెట్టాలి, మామూలుగా అది ఆ ఫైలుకే వర్తిస్తుంది. పీఎన్‌జీ వెనక తెల్లరంగు ఉంచండి, ఖాళీగా వదిలితే నల్లటి తెర ఉన్న ఫోనులో నల్లగీతలు నల్లలో కలిసిపోతాయి. బొమ్మను వరుసలోనే కూర్చోబెట్టండి, తేలనివ్వవద్దు. చివరికి పీడీఎఫ్ చేసి, పటం ఉన్న పేజీని అసలు కొలతలో మీ కళ్ళతో చూడండి. ఈ చివరిది నేను చేయని పని.

గీసిన ఫైలును ఏమి చేయాలన్నది ఎవరూ పట్టించుకోరు. ఎక్సెల్, విజియో వంటివాటి నుంచి పటాన్ని వస్తువుగా లోపల పొదిగితే రెండుసార్లు నొక్కి అక్కడే దిద్దుకోవచ్చని కొందరికి ముచ్చట. అవతలి యంత్రంలో ఆ ప్రోగ్రాం లేకపోతే కనిపించేది నమూనా బొమ్మ మాత్రమే, నొక్కితే ఏమీ కాదు. ఫైలును లోపల పొదగకుండా దాని చిరునామా మాత్రం ఇస్తే ఇంకా దారుణం, ఫోల్డరు మారిన రోజున బొమ్మ స్థానంలో ఎర్ర గుర్తు. డ్రా.ఐఓలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు పటం నకలు లోపలే ఉంచమని గుర్తు పెట్టవచ్చు. చూసేవారికి అది మామూలు బొమ్మ. మళ్ళీ అదే ప్రోగ్రాములో తెరిస్తే పెట్టెలు, గీతలు, మాటలు అన్నీ విడివిడిగా, దిద్దడానికి సిద్ధంగా ఉంటాయి. కాకపోతే ఆ బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపకూడదు. ఫొటోగా పంపితే మళ్ళీ కుదించి పంపుతుంది, లోపలి నకలు ఎగిరిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఆ మధ్యాహ్నం తేలుతున్న బాక్సులన్నీ తుడిచేసి, పెదనాయనకు మజ్జిగ తెప్పించి, మొదటి నుంచి గీశాను. 630 చట్రం, 14 అక్షరాలు, మూడు పేర్లు. నాలుగింటికి అందలేదు, మర్నాడు పొద్దున ఇచ్చాను. మేనేజరు ఈసారి పటం గురించి ఏమీ అడగలేదట, జనరేటరు కొటేషన్ అడిగాడట.

ఆరు నెలల తర్వాత గుంటలు తవ్వి, మొదటి రొయ్యల పట్టుబడి కూడా అయ్యాక ఆయన మళ్ళీ వచ్చాడు. కరెంటు లైనుకు దరఖాస్తు పెట్టాలి, అదే పటం కావాలి. ఫోల్డరు వెతికి పీఎన్‌జీ తెరిచి తెర ఆయన వైపు తిప్పాను. చాలాసేపు చూశాడు.

“నాలుగో గుంట కట్ట ఇంత తిన్నగా ఉండదు నాయనా. ఉత్తరం మూల తాడిచెట్టు ఉంది, దాన్ని కొట్టబుద్ధి కాక అక్కడ వంచి పోయించాను.”

“ఎంత వంగుతుంది పెదనాయనా?”

చేత్తో గాలిలో చూపించాడు. గీత మధ్యలో పట్టుకుని లాగాను. ఇంకాస్త అన్నాడు. ఇంకాస్త లాగాను. కట్ట జరిగిన చోట ‘ఏరేటరు’ పెట్టె గీతకు తగులుతోంది, దాన్ని నాలుగు గీతలు ఎడమకు జరిపి, మళ్ళీ 300 శాతానికి ఎగుమతి చేశాను.